మే నెలలో పడిపోయిన హ్యాచ్: ఒక కౌజు పిట్టల ఫామ్ కేసు

నల్లగొండ జిల్లాలో మిర్యాలగూడ వైపు ఒక చిన్న కౌజు పిట్టల ఫామ్ ఉంది. భార్యాభర్తలిద్దరే చూసుకుంటారు. గుడ్ల కోసం ఉంచే బ్రీడర్లుగా ఆడపిట్టలు మూడు వందల దాకా, మగవి వంద దాకా ఉన్నాయి. గుడ్లు పొదిగే సొంత మెషీన్ (ఇంక్యుబేటర్)లో పిల్లల్ని తీసి, కొన్నింటిని ఒక రోజు వయసులోనే చుట్టుపక్కల రైతులకు అమ్ముతారు. మిగతావాటిని ఐదు వారాలు పెంచి మాంసానికి ఇస్తారు. చలికాలమంతా వంద గుడ్లు పెడితే డెబ్బైకి అటూ ఇటూగా పిల్లలు వచ్చాయి. మార్చి చివరి నుంచి హ్యాచ్, అంటే పెట్టిన గుడ్లలో పిల్లలు వచ్చే శాతం, తగ్గుతూ వచ్చి, మే నెలకల్లా నలభై దాటడం గగనమైంది. అప్పుడు నాకు ఫోన్ చేశారు.

ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. ఎండలు ముదిరితే చాలు, చిన్న ఫామ్‌ల నుంచి ఇదే ఫిర్యాదు వస్తుంది. కొందరు మగపిట్టల్ని మార్చేస్తారు. ఇంకొందరు ఉన్న మెషీన్ అమ్మేసి కొత్తది కొంటారు. డబ్బు ఖర్చవుతుంది గానీ పిల్లలు మాత్రం పెరగవు. గుడ్డు మెషీన్‌లోకి వెళ్లే ముందు ఎక్కడ ఉంది, ఎంత వేడిలో ఉంది అన్న ప్రశ్న దగ్గరికి ఎవరూ రారు.

రైతు అనుమానం

ఆ రైతు, గుడ్లు మెషీన్‌లో పెట్టిన ఆరో రోజు వాటికి లైటు పెట్టి చూస్తాడు. లోపల ఏమీ కనిపించని క్లియర్ గుడ్లు ట్రేకి ట్రే పెరిగిపోయాయి. అందుకే ఆయనకు మగపిట్టల మీద అనుమానం వచ్చింది.

"మగపిట్టలు ముసలైనయ్ సార్. గుడ్లల్ల జీవమే పడ్తలేదు. కొత్తవి తేవాలె" అన్నాడు. ఇంకో ఫామ్‌లో బేరం కూడా కుదుర్చుకున్నాడు. బయానా ఇవ్వడమే తరువాయి.

మగపిట్టల వయసు ఆరు నెలలు దాటింది. కౌజు పిట్టల్లో ఆరు నెలల తర్వాత ఫర్టిలిటీ, అంటే గుడ్లలో జీవం పడటం, తగ్గడం మామూలే కాబట్టి ఆయన అనుమానాన్ని కొట్టిపారేయలేం. పైగా విపరీతమైన ఎండలో మగవాటి వీర్యం నాణ్యత కూడా తగ్గుతుంది. కాబట్టి మగవాటినే ముందు పరీక్షించాం. మగ కౌజు పిట్టకు మలద్వారం పైభాగంలో ఎర్రగా ఉబ్బిన ఒక గ్రంథి ఉంటుంది. దాన్ని వేళ్లతో మెల్లగా నొక్కితే తెల్లటి నురగ వస్తుంది. గ్రంథి పెద్దదిగా ఉండి నురగ ధారాళంగా వస్తే ఆ పిట్ట పనిలో ఉందని అర్థం. ఒక్కో బోనులోంచి కొన్నింటిని పట్టుకుని చూశాం. ఎండిపోయినవి ఒకటీ అరా తప్ప మిగతావన్నీ బాగానే ఉన్నాయి. ఆడవాటి మెడ వెనుక ఈకలు రాలి ఉన్నాయి, అంటే జతకట్టడం జరుగుతూనే ఉంది. మూడు ఆడవాటికి ఒక మగది అనే నిష్పత్తి కూడా సరిపోయింది.

ఇక మెషీన్. విడిగా ఇంకో థర్మామీటర్ పెట్టి పై ట్రే, కింది ట్రే రెండూ చూశాం. ఫ్యాన్ ఉన్న మెషీన్‌కు ఉండాల్సిన 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంది. గుడ్లు తిప్పే మోటారు గంటకోసారి తిరుగుతోంది. తేమ 55 నుంచి 60 శాతం మధ్య ఉంది. చలికాలంలో ఇదే మెషీన్, ఇదే సెట్టింగు, ఇవే పిట్టలు. అప్పుడు బాగా వచ్చి ఇప్పుడు రావడం లేదంటే మధ్యలో మారింది ఏమిటన్నదే అసలు ప్రశ్న.

గుడ్లు పగలగొట్టి చూడటం

లైటు పెట్టి చూస్తే కోడిగుడ్డు లోపల జరిగేది కొంతవరకు తెలుస్తుంది. కౌజు గుడ్డు విషయంలో అది కష్టం. పెంకు మీద గోధుమ రంగు, నల్ల మచ్చలు దట్టంగా ఉంటాయి. మొదటి రెండు మూడు రోజుల్లోనే చనిపోయిన పిండం ఆ మచ్చల చాటున అస్సలు కనిపించదు. గుడ్డు క్లియర్‌గానే ఉన్నట్టు అనిపిస్తుంది. జీవం పడని గుడ్డును, జీవం పడి వెంటనే చచ్చిన గుడ్డును రైతు ఒకే బుట్టలో వేస్తాడు. ఈ రెండింటికీ కారణాలు వేరు, మందు వేరు. అందుకే లైటును నమ్ముకోకుండా గుడ్లు పగలగొట్టి చూడాలి.

మొదట ఆ సాయంత్రమే పెట్టిన తాజా గుడ్లు తీసుకున్నాం. కౌజు గుడ్డు పెంకు పలచగా ఉన్నా లోపలి పొర గట్టిది, ఒత్తి పగలగొడితే సొన చెదిరిపోతుంది. చిన్న కత్తెరతో వెడల్పు కొన వైపు మూతలా కత్తిరించి, తెల్ల సాసర్‌లోకి మెల్లగా ఒంపాలి. పచ్చసొన మీద తెల్లటి చుక్క పైకి వచ్చేదాకా ఆగాలి. జీవం పడని గుడ్డులో అది చిన్నగా, చిక్కగా, అంచులు చిందరవందరగా ఉంటుంది. జీవం పడిన గుడ్డులో మూడు నాలుగు మిల్లీమీటర్ల గుండ్రటి చక్రం ఉంటుంది, మధ్యలో కొంచెం పలచగా, చుట్టూ తెల్లటి అంచుతో. ఒకటి రెండు చూస్తే ఎవరికైనా తేడా పట్టుబడుతుంది. ఆ ఇంటావిడ అయితే నాలుగో గుడ్డు నుంచి నాకన్నా ముందే చెప్పేసింది. తాజా గుడ్లలో అత్యధిక భాగం జీవం ఉన్నవే. బయానా ఇవ్వొద్దని అక్కడే చెప్పేశాను.

తర్వాత ఆయన ఆరో రోజు క్లియర్ అని తీసి పక్కన పెట్టిన గుడ్లు కత్తిరించాం. సగానికి పైగా గుడ్లలో పచ్చసొన మీద మీగడ రంగులో ఒక పొర పరుచుకుని ఉంది. రక్తనాళాలు లేవు. కొన్నింటిలో సన్నటి ఎర్ర గీత ఉంగరంలా కనిపించింది. ఇవన్నీ జీవం పడి, పెరగడం మొదలుపెట్టి, ఒకటి నుంచి మూడు రోజుల్లోపు చచ్చిపోయినవి.

ఆ తర్వాత చూసింది ఈ కేసుకే కీలకం. ఇంకా మెషీన్‌లోకి వెళ్లని గుడ్లు, గదిలో చెక్క అరమీద రోజుల తరబడి కూడబెట్టినవి కొన్ని తెచ్చి కత్తిరించాం. మెషీన్ మొహం చూడని గుడ్లలో పిండం చక్రం తాజా గుడ్డులో ఉన్నట్టే చిన్నగా ఉండాలి. వీటిలో అది వెడల్పుగా సాగి ఉంది. కొన్నింటిలో అంచులు అరిగి మసకబారి ఉన్నాయి. అంటే పొదగడం అరమీదే మొదలైంది. అది కూడా సగం సగం, ఆగి ఆగి.

ఆ గది ఎలా ఉంది

షెడ్డుకు ఆనుకుని రేకుల కప్పు గది. దాణా బస్తాలు ఒక పక్క, గుడ్ల అర ఇంకో పక్క. అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతలు పట్టి ఉంచే థర్మామీటర్‌ను ఆ అరమీద ఒక రాత్రీ పగలూ ఉంచాం. మధ్యాహ్నం 37 డిగ్రీలు తాకింది. తెల్లవారుజామున కూడా 29కి కింద దిగలేదు. ఇదే గది డిసెంబరులో రాత్రిపూట 15, 16 డిగ్రీలకు పడిపోతుంది, పగలు కూడా పెద్దగా వేడెక్కదు. ఎవరూ ఏమీ చేయకుండానే చలికాలంలో ఆ గది మంచి కోల్డ్ రూమ్‌లా పనిచేసింది. ఎండాకాలం వచ్చేసరికి అరకొర ఇంక్యుబేటర్ అయింది.

మెషీన్ నిండేటన్ని గుడ్లు కూడితే గానీ సెట్ చేయకపోవడం, అంటే పొదగడానికి పెట్టకపోవడం, ఆ ఫామ్‌లో అలవాటు. కరెంటు ఖర్చు కలిసొస్తుందని, పిల్లలన్నీ ఒకేసారి దిగితే అమ్మడం సులువని. దాంతో మొదటి గుడ్డు అరమీద దాదాపు పది రోజులు ఉంటుంది. చివరి గుడ్డు ఒక్క రోజే ఉంటుంది.

ఇంకొకటి కూడా బయటపడింది. కోడి ఎక్కువగా ఉదయం పూట గుడ్డు పెడుతుంది. కౌజు పిట్ట అలా కాదు. మధ్యాహ్నం దాటాక మొదలుపెట్టి చీకటి పడేలోపు ఎక్కువ గుడ్లు పెట్టేస్తుంది. రాత్రి లైట్లు వేసి పగటి కాలాన్ని పొడిగిస్తే ఇంకాస్త ఆలస్యం కూడా అవుతుంది. ఇక్కడ మాత్రం గుడ్లు ఏరేది పొద్దున మేత వేసేటప్పుడు. అంటే సాయంత్రం ఐదింటికి పెట్టిన గుడ్డు రాత్రంతా షెడ్డు వేడిలో బోను జాలీ మీదే ఉండి, తెల్లారాక రేకుల గదికి చేరుతుంది. ఫామ్‌లలో పెంచే ఈ కౌజు పిట్ట, అంటే జపనీస్ క్వెయిల్, మన దేశానికి వచ్చిందే 1974లో, కాలిఫోర్నియా నుంచి బరేలీ దగ్గరి ఇజ్జత్‌నగర్‌కు. కోళ్లతో మనకున్న అలవాటు తరతరాలది. అందుకే కోళ్ల ఫామ్‌లో ఉదయం గుడ్లు ఏరే పద్ధతినే కౌజు ఫామ్‌లలోనూ పెట్టుకున్నారు. పిట్ట ఏ వేళకు పెడుతుందో చూసి మనం వేళ మార్చుకోవాలి.

లోపల ఏం జరుగుతుంది

గుడ్డు బయటికి వచ్చేసరికే పిండం పుట్టి ఒక రోజు దాటుతుంది. తల్లి ఒంట్లో 41 డిగ్రీలకు పైన ఉండే వేడిలో ఆ ఒక్క కణం వేల కణాలుగా చీలి ఉంటుంది. బయటికొచ్చి చల్లారాక ఆ చీలిక ఆగిపోతుంది. ఎంత చల్లబడితే ఆగుతుందన్న దాని మీద రకరకాల అంకెలు ఉన్నాయి గానీ, 20 డిగ్రీలకు కింద ఉంటే పిండం విశ్రాంతిలో ఉంటుందని ధైర్యంగా చెప్పొచ్చు. 37.5 దగ్గర అది క్రమపద్ధతిలో పెరుగుతుంది. చిక్కంతా ఈ రెంటి మధ్య వేడిలోనే. 28, 32, 35 డిగ్రీల దగ్గర పిండం పెరుగుతుంది, కానీ కొన్ని భాగాలు ముందు, కొన్ని వెనుక. రాత్రికి కాస్త నెమ్మదిస్తుంది, మధ్యాహ్నానికి మళ్లీ కదులుతుంది. ఇలా నాలుగైదు రోజులు నలిగిన పిండాన్ని మెషీన్‌లో పెడితే, రక్తనాళాలు ఏర్పడాల్సిన రెండో మూడో రోజుకే చనిపోతుంది. సాసర్‌లో మేం చూసిన మీగడ పొరలు, ఎర్ర ఉంగరాలు అవే.

ఇంకోవైపు తెల్లసొన కూడా మారుతుంది. తాజా గుడ్డులో తెల్లసొన పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) 7.6 దగ్గర ఉంటుంది. పెంకు రంధ్రాల గుండా కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయేకొద్దీ అది పెరిగి, కొన్ని రోజుల్లో 9 దాటుతుంది. వేడి ఎక్కువైతే ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. చిక్కటి తెల్లసొన పలచబడుతుంది. పచ్చసొనను మధ్యలో పట్టి ఉంచే తెల్లటి తాళ్లు సడలుతాయి. పచ్చసొన పైకి తేలి, పిండం పెంకు లోపలి పొరకు దగ్గరగా వెళ్లి, అక్కడ ఎండిపోయి అంటుకునే ప్రమాదం ఉంది. ఎక్కువ రోజులు ఉంచే గుడ్లను నిల్వలోనే తిప్పమని చెప్పేది ఇందుకే.

మొదట్లో కొంచెం కార్బన్ డయాక్సైడ్ పోవడం మంచిదే. కోళ్ల హ్యాచరీల అనుభవంలో, పెట్టిన వెంటనే సెట్ చేసిన గుడ్ల కన్నా ఒకటి రెండు రోజులు చల్లగా ఉంచి సెట్ చేసినవి కాస్త మెరుగ్గా వస్తాయి. కాబట్టి నిల్వ అంటేనే నష్టం అనుకోనక్కర్లేదు.

కౌజు గుడ్డుకు ఇంకో ఇబ్బంది దాని పరిమాణం. 10, 12 గ్రాములు ఉండే గుడ్డు. గ్రాముకు ఎంత పెంకు ఉపరితలం అని లెక్కేస్తే కోడిగుడ్డు కన్నా ఒకటిన్నర రెట్లకు పైనే. అందుకని తొందరగా చల్లారుతుంది, అది మేలు. తొందరగా వేడెక్కుతుంది, తొందరగా నీరు కోల్పోతుంది, అవి కీడు. కోడిగుడ్డు తట్టుకునే పొడి గాలిని ఇది తట్టుకోదు.

నిరూపించుకోవడానికి చేసిన పరీక్ష

గుడ్లు పగలగొట్టి చూపించాక రైతు ఒప్పుకున్నాడు గానీ, పూర్తిగా నమ్మలేదు. ఆయన డబ్బు, ఆయన ఫామ్, నమ్మకపోవడం తప్పేం కాదు. అందుకే చిన్న పరీక్ష పెట్టాం. ఒకే సాయంత్రం ఏరిన గుడ్లను రెండు భాగాలు చేశాం. ఒక భాగం మామూలుగా రేకుల గది అరమీదే ఉంచాం. రెండో భాగాన్ని వాళ్లింట్లో వాడకుండా మూల పడి ఉన్న కూల్‌డ్రింకుల గ్లాస్ డోర్ ఫ్రిజ్‌లో, బయటి థర్మోస్టాట్ కంట్రోలర్ తగిలించి 17 డిగ్రీల దగ్గర నిలబెట్టి ఉంచాం. ఐదు రోజుల తర్వాత, ముందురోజు సాయంత్రం ఏరిన తాజా గుడ్లు కొన్ని కలిపి, మూడు రకాలనూ ఒకే ట్రేలో ఒకే గంటలో సెట్ చేశాం. పెంకు మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టాం. మార్కర్ పెన్ను వాడొద్దు, ఆ సిరా రంధ్రాల్లోకి దిగుతుంది.

ఒకే మెషీన్, ఒకే ట్రే, ఒకే మగపిట్టలు కాబట్టి తేడా వస్తే అది నిల్వ వల్లే. పద్దెనిమిదో రోజుకు ఫలితం చేతికొచ్చింది. ఐదు రోజులు చల్లగా ఉన్న గుడ్లకూ, తాజా గుడ్లకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండింటిలోనూ పదింటికి ఏడుకు అటూ ఇటూగా పిల్లలు వచ్చాయి. అరమీద ఉన్న గుడ్లలో పదింటికి నాలుగు కూడా కష్టంగా వచ్చాయి. వచ్చిన ఆ కొద్ది పిల్లలు కూడా ఆలస్యంగా, ఒకదాని వెనుక ఒకటి దిగాయి. గుడ్ల సంఖ్య తక్కువ కాబట్టి దీన్ని పరిశోధన అనను. ఆ రైతుకు నిర్ణయం తీసుకోవడానికి మాత్రం సరిపోయింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. హ్యాచ్ శాతాన్ని రెండు రకాలుగా లెక్కకట్టాలి. పెట్టిన మొత్తం గుడ్ల మీద ఒకటి, జీవం పడిన గుడ్ల మీద ఒకటి. మొదటిది మాత్రమే తగ్గి రెండోది బాగుంటే తప్పు మగపిట్టల్లోనో, మేతలోనో ఉంది. రెండోది కూడా తగ్గిందంటే నిల్వనో, మెషీన్‌నో చూడాలి. చిన్న ఫామ్‌లలో ఈ రెండో లెక్క ఎవరూ రాయడం లేదు. ప్రతి బ్యాచ్‌లోనూ విరగని గుడ్లు, అంటే పిల్ల రాకుండా మిగిలినవి, కొన్ని కత్తిరించి చూస్తే తప్ప ఆ లెక్క రాదు.

మార్చినవి

గుడ్లు ఏరడం సాయంత్రం ఆరింటికి ఒకసారి, లైట్లు ఆర్పే ముందు ఇంకోసారి. పొద్దున మిగిలినవి విడిగా, తినే గుడ్లలోకి. ఇది ఇంటావిడ పెట్టిన నియమం. నేను చెప్పినదానికన్నా కఠినమైంది, ఫలితం కూడా దానివల్లే నిలకడగా ఉందని నా అభిప్రాయం.

ఏరిన గుడ్లను నేరుగా ఫ్రిజ్‌లోకి పెట్టకుండా, ఇంట్లో చల్లటి గచ్చు మీద, ఫ్యాన్ కింద ఒక గంట ఉంచి అప్పుడు లోపల పెడతారు. పగుళ్లున్నవి, మరీ చిన్నవి, సున్నం పొడిలా తెల్లగా పెంకు పట్టినవి తీసేస్తారు. రెట్ట అంటుకున్నవి కడగరు, సెట్ చేయరు. కడిగితే పెంకు మీది సహజమైన పూత పోయి సూక్ష్మక్రిములకు దారి తెరుచుకుంటుంది.

ఫ్రిజ్ 16 నుంచి 18 డిగ్రీల మధ్య. సన్న కొన కిందికి, గాలి గది ఉన్న వెడల్పు కొన పైకి. గుండ్రంగా ఉండి కొన ఏదో తేలని గుడ్లు అప్పుడప్పుడు వస్తాయి, వాటిని లైటు దగ్గర పెట్టి గాలి గది ఎటుందో చూసి పెడతారు. ట్రేకి ఒక పక్క కింద చెక్క ముక్క పెట్టి వాలుగా ఉంచుతారు, పొద్దున ఒక వైపు, సాయంత్రం ఇంకో వైపు. వారంలోపు సెట్ చేసే గుడ్లకు ఈ తిప్పడం తప్పనిసరి కాదు. అలవాటు చేసుకుంటే నష్టం లేదని చేయించాను.

తేమ విషయంలో మొదట ఇబ్బంది పడ్డారు. ఫ్రిజ్ లోపలి గాలి పొడిగా ఉంటుంది. 70 నుంచి 80 శాతం తేమ కావాలి, అక్కడ చూస్తే సగం కూడా లేదు. అడుగు అరలో వెడల్పు పళ్లెంలో నీళ్లు పోసి, ఆ నీళ్లలో ఒక కొన మునిగేలా కాటన్ గుడ్డను జాలీకి వేలాడదీస్తే దారికొచ్చింది. గుడ్డను మూడు రోజులకోసారి మరిగించి ఆరేయాలి. లేకపోతే బూజు పట్టి ఆ బూజే గుడ్ల మీదికి వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద మార్పు సెట్ చేసే పద్ధతిలో వచ్చింది. మెషీన్ నిండేదాకా ఆగడం మానేశారు. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, ఉన్న ట్రేలే పెడతారు. ఏ గుడ్డూ నాలుగు రోజులు మించి ఆగదు. పధ్నాలుగు, పదిహేను రోజులకు హ్యాచర్‌లోకి (చివరి రోజుల్లో పిల్లలు దిగే పెట్టెలోకి) మార్చే పని వారానికి రెండుసార్లు పడుతుంది, కాస్త శ్రమే. పిల్లలు కూడా రెండు విడతలుగా దిగుతాయి కాబట్టి కొనేవాళ్లకు ముందే తేదీలు చెప్పాల్సి వచ్చింది.

ఒకే ట్రేలో ఒక రోజు గుడ్డూ, పది రోజుల గుడ్డూ కలిస్తే ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. నిల్వ ఉన్న గుడ్డు ఆలస్యంగా విరుగుతుంది. కోళ్ల హ్యాచరీల్లో, నిల్వ ఉన్న ఒక్కో రోజుకు సుమారు ఒక గంట ఆలస్యం అని లెక్క వేసుకుంటారు. కౌజు పిల్లకు మొత్తం పొదిగే కాలమే 17, 18 రోజులు. ముందు దిగిన ఆరేడు గ్రాముల పిల్ల హ్యాచర్ వేడిలో నీళ్లు లేకుండా మిగతావాటి కోసం ఎదురుచూస్తూ ఎండిపోతుంది. ముందువాటి కోసం తలుపు తెరిస్తే తేమ పడిపోయి, పెంకుకు చిల్లు పెట్టి బయటికి రాబోతున్న పిల్లలు పొరలో ఇరుక్కుంటాయి. ఈ ఫామ్‌లో మొదటి వారంలో పిల్లలు ఎక్కువ చావడానికి ఇది కూడా కారణమే. పాత గుడ్లు, కొత్త గుడ్లు కలిపి పెట్టడం ఆగాక బ్రూడర్‌లో (పిల్లల్ని వెచ్చగా ఉంచి పెంచే చోట) చావులు తగ్గాయి.

వానలు పడ్డాక వచ్చిన చిక్కు

జూన్ చివరికి హ్యాచ్ మళ్లీ చలికాలం నాటి స్థాయికి వచ్చింది. జూలైలో కొత్త సమస్య. పదో రోజు దాటాక మెషీన్‌లో కుళ్లు వాసన, నల్లబడ్డ గుడ్లు, ఒకటి రెండు పేలిపోవడం. ఇలా పేలిన గుడ్డు పక్కనున్న పది గుడ్లకు క్రిముల్ని పూస్తుంది.

కారణం చెమట. 17 డిగ్రీల గుడ్డును వానాకాలపు తేమ గాలిలోకి తెస్తే దాని మీద నీటి బిందువులు పడతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా తడిసినట్టే. ఆ తడిలో పెంకు మీది క్రిములు రంధ్రాల గుండా లోపలికి వెళ్తాయి. దీనికి ఉపాయం సులువే. సెట్ చేయాల్సిన రోజు ఉదయం ఫ్రిజ్ కంట్రోలర్‌ను 24 డిగ్రీలకు పెంచి, తలుపు మూసే ఉంచి, గుడ్లు లోపలే మెల్లగా వేడెక్కేలా చేయాలి. తడి గుడ్డను ఆ పూటకు తీసేయాలి. ఆరు గంటల తర్వాత బయటికి తెచ్చి ఫ్యాన్ గాలికి కాసేపు ఉంచి సెట్ చేయాలి. ఇలా నెమ్మదిగా వేడి చేస్తే ట్రేలోని గుడ్లన్నీ ఒకే వేడి నుంచి మొదలవుతాయి కాబట్టి పిల్లలు కూడా దగ్గర దగ్గరగా దిగుతాయి.

మిగతా ఫామ్‌ల వాళ్లు అడిగేవి

ఇంట్లో మామూలు ఫ్రిజ్‌లో పెట్టొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. అక్కడ 4, 5 డిగ్రీలు ఉంటుంది, పొడిగాలి. ఒక పూటకు చచ్చిపోతుందని కాదు గానీ, రోజులు గడిచేకొద్దీ పిండం బతికే అవకాశం బాగా తగ్గుతుంది. ఏసీ గది ఉంటే 18, 20 డిగ్రీల దగ్గర పెట్టి మూడు నాలుగు రోజుల గుడ్లకు నిశ్చింతగా వాడుకోవచ్చు. అది కూడా లేని చోట, మే నెలలో నా సలహా ఒకటే: ఏ రోజు గుడ్లు ఆ రోజే, లేదా రెండు రోజులకోసారి సెట్ చేయండి. వేడి గదిలో వారం నిల్వ కన్నా, సగం ఖాళీగా తిరిగే మెషీన్ చవక.

ఎన్ని రోజులు ఉంచొచ్చు అన్నదానికి నేను చెప్పేది ఇది. సరైన చలిలో వారం వరకు నష్టం తక్కువ. వారం దాటాక రోజురోజుకూ నష్టం పెరుగుతుంది. రెండు వారాల గుడ్లతో వ్యాపారం చేయకూడదు. వారం దాటి ఉంచక తప్పకపోతే ఉష్ణోగ్రత ఇంకా తగ్గించి 13, 14 డిగ్రీలకు తేవాలి, గుడ్లు రోజూ తిప్పాలి. ముసలి పిట్టల గుడ్లు నిల్వను తక్కువ తట్టుకుంటాయి, వాటిని ముందు పెట్టేయాలి. నిల్వ మధ్యలో గుడ్లను కొన్ని గంటలు పొదిగే వేడికి తెచ్చి మళ్లీ చల్లార్చే పద్ధతి పెద్ద కోళ్ల హ్యాచరీల్లో ఉంది, మంచి ఫలితాలే ఇస్తోంది. అది గంటలు, డిగ్రీలు కచ్చితంగా పట్టి ఉంచగల మెషీన్లతో చేసే పని. చిన్న ఫామ్‌లో దాన్ని అరకొరగా చేస్తే రేకుల గదిలో జరిగిందే మళ్లీ జరుగుతుంది కాబట్టి నేను ఎవరికీ సిఫారసు చేయను.

బస్సు పార్సిల్‌లో గుడ్లు తెప్పించుకునేవాళ్లు కూడా పెరిగారు. మధ్యాహ్నం డిక్కీలో ప్రయాణం చేసిన గుడ్డుకు కుదుపు ఒక దెబ్బ, వేడి ఇంకో దెబ్బ. రాత్రి బస్సుకే వేయించుకోండి. వచ్చాక సన్న కొన కిందికి పెట్టి, చల్లగా ఉన్న చోట ఒక రోజు కదపకుండా ఉంచి అప్పుడు సెట్ చేయండి. అమ్మేవాళ్లను హ్యాచ్ శాతం అడిగే బదులు, గుడ్డు ఏ రోజుది, ఎక్కడ ఉంచారు అని అడగండి.

ఇక కరెంటు. ఈ ఫామ్‌లో ఫ్రిజ్‌కు ఇన్వర్టర్ లేదు, ఉన్నదంతా మెషీన్‌కే. రెండు మూడు గంటల కోతకు తలుపు తీయకుండా ఉంటే పెద్ద తేడా రాదు. అందుకే లోపలి ఖాళీ అరల్లో నీళ్లు నింపిన సీసాలు పెట్టించాను, చలిని పట్టి ఉంచుతాయి. కోత ఆరేడు గంటలు సాగి లోపల 25 దాటిన రోజు మాత్రం, ఆ గుడ్లను మళ్లీ చల్లార్చి ఇంకో నాలుగు రోజులు ఉంచరు. సోమవారమా, గురువారమా అని చూడకుండా మర్నాడే సెట్ చేసేస్తారు. పుస్తకంలో ఆ ట్రే పక్కన కోత ఎన్ని గంటలో రాసుకుంటారు. ఆ ట్రేలో విరగని గుడ్లు విడిగా కత్తిరించి చూస్తారు.